పదాలు అటూ ఇటూ అయినా దొరకాలంటే

ఒక గ్రంథాలయ జాబితాలో "చెక్క ఓడల మరమ్మతు చరిత్ర" అనే పుస్తకం ఉందనుకుందాం. వెతికే మనిషికి పేరు అరకొరగా గుర్తుంది. "మరమ్మతు ఓడల" అని కొడితే ఫలితాలు సున్నా. "ఓడల చరిత్ర" అని కొడితే, ఈసారి వరుస సరిగ్గానే ఉన్నా, మళ్లీ సున్నా. పుస్తకం మాత్రం జాబితాలో భద్రంగానే ఉంది. పేరు పొల్లుపోకుండా గుర్తున్నవాళ్లకే పుస్తకం చూపించే జాబితా ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే.

ఈ పరిస్థితి చూసినవాళ్లు సాధారణంగా అనుకునేది ఏమిటంటే, వరుస పట్టించుకోకుండా వెతకడం కష్టమైన పని, దానికేదో ప్రత్యేకమైన ఏర్పాటు చేయించాలి అని. విషయం దాదాపు తలకిందులుగా ఉంది. ఫుల్‌టెక్స్ట్ సెర్చ్ ఇంజిన్‌కు, అంటే పాఠ్యంలోని ప్రతి పదాన్నీ వెతకగలిగే సాఫ్ట్‌వేర్‌కు, వరుసను వదిలేయడం పైసా ఖర్చు లేని పని. గుర్తుపెట్టుకోవడానికే డిస్కూ సమయమూ ఖర్చవుతాయి. తలనొప్పులు వేరేచోట ఉంటాయి. పదాలన్నీ ఉండాలా, కొన్ని ఉంటే చాలా? ఎంత దగ్గరగా ఉండాలి? అన్నీ ఒకే ఫీల్డులో, అంటే శీర్షిక, విషయం లాంటి ఒకే గడిలో, ఉండాలా? అసలు ఇంజిన్ దృష్టిలో "పదం" అంటే ఏమిటి? "ఏ వరుసలో ఉన్నా దొరకాలి" అనే ఒక్క కోరిక చాటున ఈ నాలుగు ప్రశ్నలూ దాక్కుని ఉంటాయి. వీటిని విడదీయకుండా సెట్టింగులు మార్చుకుంటూ పోతే ఒకటి బాగుపడి మరొకటి చెడుతుంది.

లైక్ నేర్పిన అలవాటు

డేటాబేస్‌లో వెతకడం అనగానే ఎక్కువమంది చేతికి మొదట తగిలేది, డేటాబేస్‌ను ప్రశ్నలడిగే భాష ఎస్‌క్యూఎల్‌లోని లైక్ అనే ఆదేశం. రెండు పర్సెంట్ గుర్తుల మధ్య పెట్టిన అక్షరాల గొలుసు, పెట్టింది పెట్టినట్టు, ఎక్కడో ఒకచోట కనిపించాలి. మధ్య ఖాళీలో ఇంకో పర్సెంట్ పెడితే నడుమ ఏమున్నా ఫర్వాలేదు గానీ, మొదటి పదం ముందూ రెండోది వెనకా రావాల్సిందే. కాబట్టి వరుస మారినా దొరకాలంటే అన్ని వరుసలనూ రాసి "లేదా"తో కలపాలని తోస్తుంది. రెండు పదాలకు రెండు వరుసలు, మూడింటికి 6, అయిదింటికి 120, ఏడింటికి 5,040. ఈ దారి ఎంత దూరం పోతుందో లెక్కే చెబుతోంది.

ఇంతకన్నా మంచి దారి ఒకటుంది. ఒక్కో పదానికి ఒక్కో లైక్ రాసి, వాటిని యాండ్‌తో, అంటే అన్నీ ఉండాలనే షరతుతో, కలపడం. ఇది ఏ వరుసలోనైనా పట్టుకుంటుంది. రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్లలో (అక్షరాల నమూనాలను వర్ణించే రాతలో) ముందుచూపు షరతులను వరసగా పెట్టేవాళ్లు చేసేదీ ఇదే పని. కొన్ని వందల రికార్డుల చిన్న జాబితాకు ఇంతకు మించి హంగామా అవసరం లేదు కూడా. లక్షల్లోకి వెళ్లినప్పుడు చిక్కు మొదలవుతుంది. మామూలు బీ-ట్రీ ఇండెక్స్ నిఘంటువు లాంటిది, మొదటి అక్షరం తెలిస్తేనే పేజీ దొరుకుతుంది. ముందే పర్సెంట్ ఉంటే అది చేతులెత్తేస్తుంది, డేటాబేస్ ప్రతి రికార్డునూ మొదట్నుంచి చివరిదాకా చదవాలి. పైగా లైక్‌కు పదాలు తెలియవు, అక్షరాలే తెలుసు. "కల" అని వెతికితే కలపా వస్తుంది, వంకలూ వస్తాయి.

జాబితాల కూడలి

ఫుల్‌టెక్స్ట్ ఇంజిన్ పనిని తిరగేస్తుంది. ఫలానా డాక్యుమెంట్‌లో ఏ పదాలున్నాయి అని కాకుండా, ఫలానా పదం ఏయే డాక్యుమెంట్లలో ఉంది అని ముందే రాసిపెట్టుకుంటుంది. దీన్నే ఇన్వర్టెడ్ ఇండెక్స్ అంటారు. ఆలోచన కంప్యూటర్లకన్నా చాలా పాతది. 13వ శతాబ్దంలో హ్యూ ఆఫ్ సెయింట్ షేర్ ఆధ్వర్యంలో క్రైస్తవ సన్యాసులు బైబిల్‌కు తయారుచేసిన పద సూచికలో ఉన్నదీ ఇదే, ఒక్కో మాటా, అది వచ్చే చోట్లూ.

"ఓడల" అనే పదం 3, 8, 21, 40 నంబర్ల డాక్యుమెంట్లలో ఉందనుకుందాం. "మరమ్మతు" 8, 15, 40, 77లో ఉంది. రెండూ ఉన్నవి కావాలంటే రెండు జాబితాల్లోనూ ఉన్న నంబర్లు చూస్తే సరి, 8, 40. ఈ లెక్కలో ఏ పదం ముందు కొట్టారన్న ప్రసక్తే రాలేదు. రెండు జాబితాల ఉమ్మడి భాగం ఎటునుంచి చూసినా ఒకటే కదా. వెతికే మనిషి "మరమ్మతు ఓడల" అన్నా "ఓడల మరమ్మతు" అన్నా ఇంజిన్‌కు తేడా తెలియదు.

ఇంకో ముచ్చట కూడా ఉంది. ఇంజిన్ తన సౌకర్యం కోసం తనే వరుస మార్చేస్తుంది. లూసీన్ (చాలా ఇంజిన్లకు పునాదిగా ఉన్న సెర్చ్ లైబ్రరీ) లాంటివి అన్నిటికన్నా చిన్న జాబితాను ముందుకు తెచ్చుకుంటాయి. "మరమ్మతు" 50 డాక్యుమెంట్లలోనే ఉండి, "చరిత్ర" 5 లక్షల్లో ఉంటే, ఆ 50 నంబర్లను మాత్రమే తీసుకుని పెద్ద జాబితాలో గెంతుకుంటూ పోతాయి. జాబితాలు క్రమంలో పేర్చి ఉంటాయి, మధ్యమధ్యలో "ఇక్కణ్ణించి ఫలానా నంబరు దాకా దూకొచ్చు" అనే గుర్తులుంటాయి. అందుకే పదాలన్నీ ఉండాలి అనే షరతు, వినడానికి బరువుగా ఉన్నా, నిజానికి పనిని తగ్గిస్తుంది. అరుదైన పదం ఒక్కటి చేరితే చాలు, వెతకాల్సిన మేర ఒక్కసారిగా కుంచించుకుపోతుంది.

అన్నీనా, కొన్నేనా

ఇంత తేలికైతే మరి ఫిర్యాదులెందుకు? ఎక్కువ ఫిర్యాదులకు మూలం డిఫాల్టులు, అంటే మనమేమీ చెప్పనప్పుడు ఇంజిన్ తనే ఎంచుకునే పద్ధతులు. లూసీన్‌లో క్వెరీని (వెతకమని కొట్టిన మాటలను) చదివే మామూలు పార్సర్, లూసీన్ మీద నిలబడ్డ ఎలాస్టిక్‌సెర్చ్ అనే ఇంజిన్‌లోని మ్యాచ్ క్వెరీ, రెండూ చెప్పకపోతే "లేదా" అనే అనుకుంటాయి. మూడు పదాలు కొడితే ఏ ఒక్కటి ఉన్నా ఫలితమే. మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ సహజ భాషా మోడ్‌దీ ఇదే పద్ధతి. అక్కడ ప్రతి పదమూ తప్పనిసరి కావాలంటే బూలియన్ మోడ్‌కు వెళ్లి ప్రతి పదం ముందూ ప్లస్ గుర్తు పెట్టాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ప్లెయిన్‌టూ-టీఎస్‌క్వెరీ అనే ఫంక్షన్ పదాల మధ్య యాండ్ పెడుతుంది. ఎస్‌క్యూలైట్ డేటాబేస్‌లో వెతికే భాగమైన ఎఫ్‌టీఎస్5, స్ఫింక్స్ అనే సెర్చ్ ఇంజిన్ కూడా గుర్తులేమీ లేకపోతే అన్నీ ఉండాలనే అర్థం చేసుకుంటాయి. ఒక ఇంజిన్ నుంచి మరోదానికి మారిన ప్రాజెక్టులో "మునుపు బాగా వచ్చేది, ఇప్పుడు చెత్త వస్తోంది" అనే మాట వినబడితే మొట్టమొదట చూడాల్సింది ఈ డిఫాల్టునే.

"లేదా" డిఫాల్ట్ పెట్టినవాళ్లు అమాయకులేం కాదు. ర్యాంకింగ్ (మార్కులు వేసి ఫలితాలను పేర్చడం) చూసుకుంటుందన్న నమ్మకం దాని వెనక ఉంది. 1972లో కంప్యూటర్ శాస్త్రవేత్త కరెన్ స్పార్క్ జోన్స్ ప్రతిపాదించిన ఆలోచన ప్రకారం తక్కువ డాక్యుమెంట్లలో కనిపించే పదానికి ఎక్కువ బరువు. దాని మీద పెరిగిన బీఎం25 అనే మార్కుల సూత్రం లూసీన్‌లో 6.0 వెర్షన్ నుంచి డిఫాల్ట్. ఒకే పదం వందసార్లు వచ్చినా మార్కులు ఒక హద్దు దాటవు కాబట్టి, ఎక్కువ పదాలు కలిసిన డాక్యుమెంట్లు సాధారణంగా పైకి తేలతాయి. పై పది ఫలితాలే చూసే మనిషికి ఇది చాలు. కానీ తేదీ ప్రకారమో ధర ప్రకారమో ఫలితాలను పేర్చిన క్షణంలో ఆ మార్కులు గాల్లో కలిసిపోతాయి, ఒక్క పదం కలిసిన పనికిరాని రికార్డు మొదటి స్థానంలో కూర్చుంటుంది. ఇంకో పదం చేరిస్తే ఫలితాలు తగ్గాలని మనిషి అనుకుంటాడు, అవి పెరుగుతాయి. ఈ రెండూ వాడేవాళ్లకు భలే చిరాకు తెప్పించే సంగతులు.

అలాగని యాండ్ పెట్టేసి చేతులు దులుపుకుంటే సరిపోతుందా? 1985లో డేవిడ్ బ్లెయిర్, ఎం. ఇ. మారన్ ప్రచురించిన అధ్యయనం ఈ ప్రశ్నకు గట్టి జవాబు. ఐబీఎం వారి స్టెయిర్స్ అనే వ్యవస్థలో ఒక దావాకు సంబంధించిన సుమారు 40,000 పత్రాలు, 3,50,000 పేజీలు ఉన్నాయి. కావాల్సిన వాటిలో కనీసం 75 శాతం దొరకాలని న్యాయవాదుల షరతు. అంత దొరికిందనే వాళ్లు నమ్మారు. కొలిచి చూస్తే సగటున దొరికింది 20 శాతం చుట్టుపక్కల. ఒకరు ప్రమాదం అన్నదాన్ని మరొకరు సంఘటన అన్నారు, ఇంకొకరు పరిస్థితి అన్నారు. లెక్క కూడా కరకుగానే ఉంటుంది. కావాల్సిన పత్రంలో ఒక్కో పదమూ ఉండే అవకాశం పదింట ఎనిమిది అనుకున్నా, మూడు పదాలూ కలిసి ఉండే అవకాశం సగానికి పడిపోతుంది, అయిదు పదాలైతే మూడో వంతుకు. దొరకనివి కళ్లకు కనబడవు కాబట్టి ఈ నష్టం గురించి ఎవరూ ఫిర్యాదు కూడా చేయరు. అసలు ప్రమాదం అక్కడే.

మధ్యే మార్గం కనీసం ఎన్ని కలవాలో చెప్పడం. ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ, లూసీన్ మీదే కట్టిన సోలర్‌లోనూ దీన్ని మినిమమ్ షుడ్ మ్యాచ్ అంటారు, స్ఫింక్స్‌లో కోరమ్ అంటారు. "రెండు పదాల దాకా అన్నీ తప్పనిసరి, అంతకు మించితే 75 శాతం" అని ఒక్క ముక్కలో రాయొచ్చు. శాతం లెక్కలో వచ్చే భిన్నాన్ని కిందికి దించుతారని మాత్రం గుర్తుండాలి. మూడు పదాలకు 75 శాతమంటే 2.25, అంటే రెండు చాలు. అయిదింటికి మూడు చాలు. పొట్టి క్వెరీలకు యాండ్, పొడుగు వాటికి ఒకటో రెండో పదాల సడలింపు, ఇది చాలాచోట్ల నిలబడే ఏర్పాటు. చట్టపరమైన పత్రాలు, వైద్య రికార్డుల వంటి చోట్ల మాత్రం వాడేవాళ్లకే యాండ్, "లేదా" వంటి ఆపరేటర్లు ఇచ్చేయడం మేలు.

స్లాప్ అనే మాయ

300 పేజీల పుస్తకం మొత్తాన్ని ఒకే డాక్యుమెంట్‌గా ఎక్కిస్తే "అన్నీ ఉండాలి" అనే షరతుకు విలువ లేదు. "ఓడల" 4వ పేజీలో, "మరమ్మతు" 280వ పేజీలో ఉన్నా లెక్క కుదురుతుంది. ఇక్కడ వరుస అక్కర్లేదు గానీ దగ్గరతనం కావాలి. దగ్గరతనం తెలియాలంటే ఇండెక్స్ పదం ఉన్న డాక్యుమెంట్ నంబరుతో పాటు, అందులో ఎన్నో పదమో కూడా రాసుకోవాలి. ఈ స్థానాలు రాసుకుంటే ఇండెక్స్ రెండు నుంచి నాలుగు రెట్లు పెరుగుతుందని పాత లెక్క. ఆ ఖర్చు వద్దనుకునేవాళ్ల కోసమే ఎలాస్టిక్‌సెర్చ్‌లో స్థానాలు దాచని మ్యాచ్ ఓన్లీ టెక్స్ట్ అనే ఫీల్డు రకం ఉంది. పోస్ట్‌గ్రెస్ జిన్ ఇండెక్స్‌లో పదాలే ఉంటాయి, స్థానాలుండవు. ఫ్రేజ్ (అదే వరుసలో పక్కపక్కనే ఉన్న పదాలు) అడిగితే దొరికిన ప్రతి రికార్డునూ మళ్లీ తెరిచి చూసుకోవాలి.

దగ్గరతనం కోసం చాలామంది పట్టుకునేది ఫ్రేజ్ క్వెరీలోని స్లాప్. పదాలను ఎంత జరిపితే క్వెరీలో ఉన్న వరుసకు వస్తాయో దాని కొలత ఇది. డాక్యుమెంట్‌లో "మరమ్మతు ఓడల" అని ఉండి, క్వెరీ "ఓడల మరమ్మతు" అయితే స్లాప్ 2 కావాలి. ఒక పదాన్ని ఒక అడుగు జరిపితే రెండూ ఒకే చోట కూర్చుంటాయి, ఇంకో అడుగు జరిపితే అవతలికి దాటుతుంది. మూడు పదాలు పూర్తిగా తిరగబడితే 4, నాలుగైతే 6. పదాలు ఎన్నుంటే అందులోంచి ఒకటి తీసేసి రెట్టింపు చేయడమే.

సరే, స్లాప్ 6 పెడదాం, నాలుగు పదాలు ఏ వరుసలో ఉన్నా దొరుకుతాయి అనుకుంటే తిరకాసు ఇక్కడే ఉంది. అదే 6తో, సరైన వరుసలోనే ఉండి మధ్యలో ఆరు అనవసరమైన పదాలు దూరిన వాక్యం కూడా దొరుకుతుంది. వరుస తప్పడానికీ దూరం పెరగడానికీ ఒకే జేబులోంచి చెల్లింపు. "పక్కపక్కనే ఉండాలి, వరుస ఏదైనా సరే" అనే మాటను స్లాప్‌తో చెప్పలేం. దానికి వేరే క్వెరీలున్నాయి. లూసీన్‌లో స్పాన్ నియర్ క్వెరీకి వరుస అక్కర్లేదని విడిగా చెప్పొచ్చు. ఎలాస్టిక్‌సెర్చ్ 7.0తో వచ్చిన ఇంటర్వల్స్ క్వెరీ ఇంకా శుభ్రం, వరుస అవసరమా అనేది ఒక మీట, మధ్యలో ఎన్ని పదాలు ఉండొచ్చనేది మరో మీట. ఎఫ్‌టీఎస్5లో నియర్ అంటే వరుస లేని దగ్గరతనమే, సంఖ్య చెప్పకపోతే 10 పదాల దూరం. పోస్ట్‌గ్రెస్ దూరపు ఆపరేటర్ మాత్రం వరుసనూ పాటిస్తుంది, చెప్పిన సంఖ్యను కచ్చితంగానూ పాటిస్తుంది. మూడంటే మూడే, రెండు కుదరదు. ఏ వరుసైనా ఫర్వాలేదనుకుంటే రెండు దిక్కులా రాసి "లేదా"తో కలపాల్సి వస్తుంది, మళ్లీ లైక్ రోజుల్లోకి వెళ్లినట్టే.

న్యాయ పరిశోధనకు వాడే వెస్ట్‌లాలో ఈ తేడాను ఎంత ముచ్చటగా పెట్టారో చూడాలి. రెండు పదాల మధ్య ఏటవాలు గీత పెట్టి ఎస్ (/s) అంటే ఒకే వాక్యంలో ఏ వరుసలోనైనా. ఆ గీత బదులు ప్లస్ పెడితే అదే వాక్యంలో, కానీ మొదటిది ముందు రావాలి. ఏటవాలు గీతతో పీ అంటే ఒకే పేరా. మనిషి ఆలోచించేది వాక్యాల్లో, పేరాల్లో గానీ "పదిహేడు పదాల దూరం" అని కాదు. మామూలు ఇంజిన్‌లో ఇలాంటిది తెచ్చుకోవాలంటే చిన్న ఉపాయం ఉంది. డాక్యుమెంట్‌ను పేరాలుగా విడగొట్టి ఒకే ఫీల్డుకు అనేక విలువలుగా ఇస్తే, ఎలాస్టిక్‌సెర్చ్ ఒక్కో విలువ మధ్య స్థానాల్లో 100 ఖాళీ వదులుతుంది. 100కు తక్కువ దూరం అడిగిన ఏ క్వెరీ కూడా పేరా గట్టు దాటదు.

రెండుసార్లు వచ్చే పదాల సంగతి ఒక్క మాటలో చెప్పుకోవాలి. యాండ్‌కు జాబితాలే తెలుసు, లెక్క తెలియదు. "చిన్న చిన్న కథలు" అని అడిగినా "చిన్న కథలు" అని అడిగినా దానికి ఒకటే. రెండుసార్లు ఉండాల్సిందే అంటే ఫ్రేజ్ వైపు వెళ్లక తప్పదు.

ఫీల్డు గోడలు

"ఓడల" శీర్షికలో ఉంది, "చరిత్ర" విషయం అనే ఫీల్డులో ఉంది. రెండు ఫీల్డుల్లోనూ వెతకమని, అన్నీ ఉండాలని చెప్పినా ఆ పుస్తకం రాదు. ఎందుకంటే ఎలాస్టిక్‌సెర్చ్ మల్టీ మ్యాచ్ డిఫాల్ట్‌గా ప్రతి ఫీల్డునూ విడిగా చూస్తుంది, అన్నీ అనే షరతు ఒక్కో ఫీల్డు లోపలే వర్తిస్తుంది. వాడేవాళ్లకు ఇది వరుస సమస్యలా కనబడుతుంది, కానీ ఇది గోడ సమస్య. క్రాస్ ఫీల్డ్స్ రకం ఆ గోడను తీసేసి, ప్రతి పదమూ ఏదో ఒక ఫీల్డులో ఉంటే చాలంటుంది. అయితే ఫీల్డులన్నిటికీ ఒకే అనలైజర్ (పాఠ్యాన్ని పదాలుగా కోసి సరిచేసే భాగం) ఉన్నప్పుడే అది అనుకున్నట్టు నడుస్తుంది. ఒక ఫీల్డు "మరియు" లాంటి చిన్న పదాలను వదిలేసి, మరో ఫీల్డు ఉంచుకుంటే, ఆ చిన్న పదం రెండో ఫీల్డులో మాత్రమే తప్పనిసరి అయి కూర్చుని మొత్తం క్వెరీని సున్నా చేయగలదు. సోలర్‌లో డిస్‌మాక్స్ అనే క్వెరీ పార్సర్ వాడినవాళ్లకు ఈ అనుభవం కొత్తేమీ కాదు.

ఇన్ని తంటాలకన్నా అన్ని ఫీల్డుల పాఠ్యాన్నీ ఇండెక్స్ సమయంలోనే ఒక ఉమ్మడి ఫీల్డులోకి కాపీ చేసి, దాంట్లో యాండ్ పెట్టడం మేలు. పాత పద్ధతే, కాస్త జాగా తింటుంది, కానీ నడిరాత్రి ఫోన్ మోగనివ్వదు. శీర్షికలో ఉన్నదానికి ఎక్కువ మార్కులు కావాలంటే అది విడిగా ఇచ్చుకోవచ్చు.

దీనికి ఎదురు సమస్య కూడా ఉంది. ఒక చొక్కా రికార్డులో రెండు రకాలున్నాయి, ఎరుపు పెద్దది, నీలం చిన్నది. "ఎరుపు చిన్న" అని అడిగితే అది దొరుకుతుంది, అలాంటి చొక్కా లేకపోయినా. జాబితాగా ఇచ్చిన వస్తువులను ఇంజిన్ చదును చేసేసి రంగులన్నీ ఒక కుప్ప, సైజులన్నీ ఒక కుప్ప చేస్తుంది. ఇక్కడ గోడలు తీయడం కాదు, కట్టాలి. ఒక్కో వస్తువునూ విడిగా ఉంచే నెస్టెడ్ రకం అందుకే ఉంది.

తెలుగు దగ్గరకొచ్చేసరికి

ఇంగ్లీషులో ఎవరు ఎవరిని తరిమారో పదాల వరుస చెబుతుంది. తెలుగులో విభక్తి చెబుతుంది. "పిల్లిని కుక్క తరిమింది" అన్నా "కుక్క పిల్లిని తరిమింది" అన్నా అర్థం మారదు. అంటే వరుస లేని వెతుకులాట తెలుగుకు పుట్టుకతోనే సరిపోవాలి, ఇంగ్లీషుకన్నా బాగా. ఫ్రేజ్ క్వెరీలే ఇక్కడ ఎక్కువ మోసం చేస్తాయి, ఒకే మాటను ఇద్దరు మనుషులు రెండు వరుసల్లో సహజంగా రాస్తారు కాబట్టి.

కానీ అదే విభక్తి పదం రూపాన్ని మార్చేస్తుంది. ఓడ, ఓడలు, ఓడల, ఓడలో, ఓడలకు, ఇంజిన్‌కు ఇవన్నీ వేర్వేరు పదాలు, వేర్వేరు జాబితాలు. ఇల్లు ఇంట్లో అవుతుంది, ఇళ్లు అవుతుంది, ఆ ఇళ్లను కొందరు ఇళ్ళు అని రాస్తారు. రాత్రి, అంతా కలిసి రాత్రంతా అయితే "రాత్రి" అని వెతికేవాళ్లకు అది దొరకదు. "నీటి పారుదల" అని ఒకరు విడదీసి రాస్తే, "నీటిపారుదల" అని ఇంకొకరు కలిపి రాస్తారు. కలిపి రాసినచోట "నీటి" అనే పదమే లేదు, యాండ్ విఫలం. తెలుగులో "ఏ వరుసలోనైనా వెతకడం పనిచేయట్లేదు" అనే ఫిర్యాదుల్లో వరుసకు సంబంధం లేనివే ఎక్కువ ఉండే అవకాశం ఇందువల్లే.

లూసీన్‌లో తెలుగుకు ఒక అనలైజర్ ఉంది, పదాల చివర్లను కత్తిరించే స్టెమర్‌తో సహా. అది ఓడ కుటుంబాన్ని కొంతవరకు దగ్గర చేస్తుంది, సంధులను విడదీయదు. పైగా కత్తిరింపుకూ ధర ఉంది. "పిల్లిని కుక్క తరిమింది", "కుక్కని పిల్లి తరిమింది" అనే రెండింట్లోంచీ విభక్తి తీసేస్తే మిగిలేవి అవే మూడు ముక్కలు. ఇంగ్లీషులో ఫ్రేజ్ పెట్టి తప్పించుకోవచ్చు. తెలుగులో అర్థాన్ని మోసే ముక్కనే పారేశాక ఫ్రేజ్ కూడా కాపాడదు. అందుకే అసలు రూపానికి ఒక ఫీల్డు, కత్తిరించిన రూపానికి ఒక ఫీల్డు ఉంచుకుని, రెండోదాంతో పట్టుకుని మొదటిదాంతో మార్కులు వేయడం మంచిది. కలిపి రాసిన సమాసాల కోసం రెండు మూడక్షరాల ముక్కలుగా చేసే ఎన్-గ్రామ్‌లు వాడొచ్చు. అవి తప్పిపోయినవాటిని పట్టుకొస్తాయి, వాటితో పాటు బోలెడు చెత్తనూ తెస్తాయి.

అంతకన్నా కింది స్థాయిలో, అక్షరాల దగ్గరే బోల్తా కొట్టే చోట్లున్నాయి. ఎస్‌క్యూలైట్ ఎఫ్‌టీఎస్5 డిఫాల్ట్ టోకెనైజర్ (పాఠ్యాన్ని టోకెన్లుగా, అంటే పదాలుగా, కోసే భాగం) యూనికోడ్‌లో, అంటే అన్ని లిపుల అక్షరాలకూ నంబర్లిచ్చే ప్రమాణంలో, అక్షరాలు, అంకెలు, ప్రైవేట్ వాడకానికి ఉంచిన కోడ్‌లు తప్ప మిగతా అన్నిటినీ పదాల మధ్య ఖాళీగా చూస్తుంది. తెలుగు గుణింతపు గుర్తులు, పొల్లు, సున్న యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, మార్కులు. దాంతో "కిటికీ" కాస్తా క, ట, క అనే మూడు ముక్కలవుతుంది. "కాటుక" కూడా అవే మూడు ముక్కలు. కిటికీ కోసం వెతికితే కాటుక వస్తుందన్నమాట. టోకెనైజర్ సెట్టింగులో ఎంసీ, ఎంఎన్ అనే రెండు మార్కుల వర్గాలను చేర్చి ఇండెక్స్ మళ్లీ కట్టుకుంటే ఇది పోతుంది. తెలియకపోతే మాత్రం నెలల తరబడి ర్యాంకింగ్‌ను తిట్టుకుంటూ కూర్చోవచ్చు.

కంటికి కనబడని మరో శత్రువు జీరో విడ్త్ నాన్ జాయినర్. "సాఫ్ట్‌వేర్" అని రాసేటప్పుడు ట కింద వ చేరిపోకుండా చాలా కీబోర్డులు దాన్ని మధ్యలో పెడతాయి. పెట్టనివి "సాఫ్ట్వేర్" అని రాస్తాయి. చదివే మనిషికి రెండూ ఒకే మాట, ఇంజిన్‌కు రెండు వేర్వేరు టోకెన్లు. కొన్ని టోకెనైజర్లైతే ఆ గుర్తు దగ్గర పదాన్ని రెండుగా నరికేస్తాయి. ఇండెక్స్‌లోనూ క్వెరీలోనూ ఆ గుర్తును తీసేస్తే చాలు. తెలుగు వెతుకులాటలో ఇంత తక్కువ శ్రమతో ఇంత లాభం ఇచ్చే మార్పు ఇంకోటి లేదనవచ్చు.

ఇంకేమీ కలవకుండా

యాండ్ "ఇవన్నీ ఉండాలి" అంటుంది గానీ "ఇవి తప్ప ఇంకేమీ ఉండకూడదు" అనదు. ఒకే సంస్థ పేరు రెండు వరుసల్లో నమోదైతే ఆ జంటను పట్టుకోవడానికి కావాల్సింది ఆ రెండో మాట. దీనికి సెర్చ్ ఇంజిన్ కూడా అక్కర్లేదు. డేటాను శుభ్రం చేసే ఓపెన్‌రిఫైన్ అనే సాధనంలో ఫింగర్‌ప్రింట్ అనే పద్ధతి ఉంది. విరామ చిహ్నాలు తీసేసి, పదాలుగా విడగొట్టి, అకారాది క్రమంలో పేర్చి, రెండోసారి వచ్చినవి తీసేసి, మళ్లీ కలుపుతుంది. వరుస ఎలా ఉన్నా ఒకే తాళంచెవి తయారవుతుంది, ఆ తర్వాత మామూలు సమానత్వపు పోలికే. ఎలాస్టిక్‌సెర్చ్‌లోనూ ఇదే పేరుతో అనలైజర్ ఉంది.

టైపు చేస్తుండగానే సూచనలు చూపించే చోట వరుస గొడవ మళ్లీ వస్తుంది. కంప్లీషన్ సజెస్టర్ లాంటివి మొదటి అక్షరం నుంచి కలిస్తేనే చూపిస్తాయి, "మరమ్మతు" అని మొదలుపెడితే "చెక్క ఓడల మరమ్మతు" రాదు. ఎలాస్టిక్‌సెర్చ్ 7.2లో వచ్చిన మ్యాచ్ బూల్ ప్రిఫిక్స్ చివరి పదాన్ని మాత్రమే అసంపూర్తి పదంగా చూసి, మిగతావాటిని ఏ వరుసలోనైనా ఒప్పుకుంటుంది. దీని డిఫాల్టూ "లేదా"నే, మార్చుకోవడం మర్చిపోకూడదు.

వరుస మళ్లీ మార్కుల్లోకి

పట్టుకునేటప్పుడు వరుస వద్దన్నంత మాత్రాన పేర్చేటప్పుడు కూడా వద్దని కాదు. బీఎం25కు పదాల సంచీ తప్ప వాక్యం కనబడదు. "చెక్క ఓడల మరమ్మతు చరిత్ర" అని పేరు మొత్తం కొట్టినవాళ్లకు ఆ పుస్తకం మొదటి స్థానంలో లేకపోతే అంతకన్నా అవమానం లేదు. కాబట్టి తప్పనిసరి భాగంలో వరుస లేని యాండ్, ఐచ్ఛిక భాగంలో కొంచెం స్లాప్ ఉన్న ఫ్రేజ్ పెడితే, దొరికేవి మారవు, వరుసలో ఉన్నవి పైకి వస్తాయి. స్థానాలు చూడటం ఖరీదైన పని కాబట్టి దాన్ని పైన వచ్చిన వందో రెండు వందలో ఫలితాలకే పరిమితం చేసే రీస్కోర్ సదుపాయం కూడా ఉంది.

ఇదంతా సరిగ్గా అమరిందో లేదో చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. వాడకంలో ఉన్న నిజమైన క్వెరీలను కొన్ని వందలు తీసుకుని, ఒక్కోదాన్నీ కొట్టింది కొట్టినట్టు ఒకసారి, పదాలను తిరగేసి ఇంకోసారి పంపాలి. ఫలితాల క్రమం మారొచ్చు, ఫలితాల సంఖ్య మారకూడదు. మారిందంటే వద్దనుకున్న ఫ్రేజ్ ఎక్కడో మిగిలిపోయిందన్నమాట. హైఫన్ దగ్గర రెండు ముక్కలైన పదమో, రెండు పదాల పర్యాయపదమో, కనబడని జాయినర్ దగ్గర తెగిన మాటో, ఇంజిన్ తనంతట తనే దాన్ని ఫ్రేజ్‌గా మార్చి ఉంటుంది. ఆ క్వెరీని అనలైజర్‌కు ఇచ్చి ఏయే టోకెన్లు బయటికొస్తున్నాయో చూస్తే దొంగ ఎక్కువసార్లు మొదటి చూపులోనే దొరుకుతాడు. రెండు వైపులా సంఖ్య ఒకటే ఉండి, రావాల్సింది మాత్రం రావట్లేదంటే వరుసను వదిలేసి ఫీల్డులనూ విభక్తులనూ వెతకడం మొదలుపెట్టాలి.